తాగే రసానికా, వైన్‌కా? స్టీమ్ జ్యూసర్ కొనే ముందు తేల్చుకోవలసిన సంగతి

ప్రశ్న: మా పెరట్లో నల్లద్రాక్ష పందిరి, రెండు ప్లమ్ చెట్లు, ఒక యాపిల్ చెట్టు ఉన్నాయి. కాపు మొదలైందంటే అన్నీ ఒకేసారి మీద పడతాయి. తిన్నన్ని తిని, పంచినన్ని పంచినా బుట్టలకొద్దీ మిగిలిపోతున్నాయి. గుడ్డలో మూటగట్టి పిండీ పిండీ చేతులు పడిపోతున్నాయి. ఈసారి స్టీమ్ జ్యూసర్ కొందామనుకుంటున్నాను. కొంత రసం సీసాల్లో పట్టి ఏడాది పొడుగునా వాడుకోవాలని, కొంతతో వైన్ చేయాలని కోరిక. స్టీలుదే కొనాలా, అల్యూమినియందైనా చాలా? ఎంత పెద్దది? ఆవిరి మీద తీసిన రసంతో వైన్ చేస్తే ఉడుకు వాసన వస్తుందని ఒకరు భయపెట్టారు, నిజమేనా? పట్టిన సీసాలు పాడవకుండా ఏం చేయాలి? మా పిన్ని దగ్గర పాత అల్యూమినియం జ్యూసర్ అటక మీద పడి ఉంది, ఊరికే ఇస్తానంటోంది. మాది ఇండక్షన్ స్టవ్. ఏం చేయమంటారు?

సమాధానం: చేతులు పడిపోతున్నాయన్న మాట దగ్గరే నాకు మీ అవస్థ అర్థమైపోయింది. ఆ గుడ్డ పిండుడు నేనూ ఏళ్ల తరబడి చేసినదాన్నే. గోళ్ల కింద చేరిన ద్రాక్ష రంగు వారం దాకా వదిలేది కాదు. కాబట్టి జ్యూసర్ కొనుక్కోండి, అందులో రెండో మాట లేదు. కానీ స్టీలా, అల్యూమినియమా అనే దానికంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటుంది. మీ ఇంట్లో తాగడానికి సీసాకెక్కే రసం ఎక్కువా, వైన్‌కి పోయే రసం ఎక్కువా? ఈ పాత్ర పుట్టింది తాగే రసం కోసం. వైన్‌కీ పనికొస్తుంది గానీ అన్ని పళ్లకూ కాదు. మీ ద్రాక్షకైతే అసలు అక్కర్లేదనే అంటాను. ఎందుకో చెప్తాను.

ముందు అది పనిచేసే తీరు చూద్దాం. అది తెలిస్తే కొనేటప్పుడు ఎక్కడ వేలుపెట్టి చూడాలో మీకే తెలుస్తుంది. ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు గిన్నెలు. అడుగుదాంట్లో నీళ్లు. పైదానికి నిండా చిల్లులు, అందులో పళ్లు, పైన మూత. మధ్యలోదే కీలకం. దాని నడుమ గరాటు బోర్లించి పెట్టినట్టు ఒక గొట్టం పైకి లేచి ఉంటుంది. అడుగున మరిగిన నీటి ఆవిరి ఆ గొట్టంలోంచి పైకెళ్లి పళ్లకు తగులుతుంది. ఆ వేడికి పండు మెత్తబడి, లోపలి కణాలు చితికి, రసం వదిలేస్తుంది. ఆ రసం చిల్లుల్లోంచి కారి, గొట్టం చుట్టూ ఉన్న జాగాలో నిలుస్తుంది. గిన్నె పక్కన చిన్న ముక్కు, దానికి మెత్తటి పైపు, పైపుకి ఒక క్లిప్పు. క్లిప్పు వదిలారంటే రసం సీసాలోకి దిగుతుంది. పిండే పని లేదు, వడకట్టే పని లేదు. ఫిన్లాండ్ వాళ్లు దీన్ని మెహుమైయా అంటారు. మెహు అంటే వాళ్ల భాషలో రసమే.

అలా దిగే రసం చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది. దీంట్లో ఉన్న లాభమంతా ఆ వేడిలోనే ఉంది, చిక్కంతా కూడా అందులోనే ఉంది. పండు తొక్క మీద ఈస్టు, అంటే రసాన్ని పులియబెట్టే సూక్ష్మజీవి, దానంతటదే ఉంటుంది. పచ్చి రసాన్ని బయట వదిలేస్తే రెండు మూడు రోజుల్లో బుడగలు కట్టేది దానివల్లే. వేడి తగిలితే ఆ ఈస్టు చచ్చిపోతుంది. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే పళ్ల డాక్టరు (ఆ పళ్లు నోట్లోవి లెండి) చేసిందీ ఇదే. చర్చి ప్రార్థనలో వైన్‌కి బదులు పులియని ద్రాక్షరసం ఉండాలని ఆయన పట్టుదల. అప్పటికి కొన్నేళ్ల ముందే ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాశ్చర్ చూపించిన పద్ధతిలో, సీసాలో పోసిన ద్రాక్షరసాన్ని వేడిచేసి పులవకుండా ఆపాడు. అంటే వైన్‌ని అడ్డుకోవడానికి పనికొచ్చిన వేడినే మీరు వైన్ చేయడానికి వాడబోతున్నారు. తప్పేం లేదు, చేయొచ్చు. చంపిన ఈస్టుకి బదులు బతికున్నదాన్ని మనమే వేయాలి. వేడివల్ల వచ్చే మరో రెండు మూడు తంటాలకు విరుగుడు కూడా తెలిసుండాలి. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ఇక లోహం సంగతి. వైన్ ఆలోచన ఉందంటే స్టీలే, ఇంకో మాట వద్దు. పళ్ల రసం పుల్లనిది. ఉత్త అల్యూమినియాన్ని వేడివేడి పులుపు కొద్దికొద్దిగా తింటుంది. గిన్నె లోపల చిన్న చిన్న గుంటలు పడతాయి, రసానికి లోహం రుచి అంటుతుంది. నల్లద్రాక్ష, ప్లమ్ లాంటి ఎరుపు రంగు రసాలైతే అల్యూమినియం కలిసినప్పుడు నీలం వైపు తిరుగుతాయి కూడా. పైన గట్టి పూత వేసిన అల్యూమినియం కొంత నయమే గానీ, ఆ పూత గీతలు పడనంతవరకే. పీచుతో నాలుగుసార్లు తోమితే దాని సంగతి తేలిపోతుంది. ఎనామెల్ పాత్రలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, పులుపుకి లొంగవు. కానీ ఎక్కడైనా తగిలి పెచ్చు ఊడితే లోపలి ఇనుము బయటపడుతుంది. ఇనుము కలిసిన వైన్ నెలల తర్వాత మసకబారుతుంది. చేసిందంతా చేశాక అప్పుడు తెలుస్తుంది, అదే బాధ.

స్టీలు మీద 18/10 అని ఉంటే అందులో 18 శాతం క్రోమియం, 10 శాతం నికెల్ ఉన్నట్టు. మంచి రకమే. కానీ ఇండక్షన్ వాళ్లు ఇక్కడే బోల్తాపడతారు. ఈ రకం స్టీలుకి అయస్కాంతం సరిగ్గా అంటుకోదు. అయస్కాంతం అంటుకోని గిన్నె ఇండక్షన్ మీద వేడెక్కదు. అందుకే మంచి కంపెనీలు గిన్నె అడుగున వేరే రకం స్టీలు బిళ్ల అతికిస్తాయి. డబ్బా మీద రాసిందాన్ని నమ్ముకోకుండా, ఫ్రిజ్‌కి అతికించే బొమ్మ ఒకటి జేబులో వేసుకెళ్లండి. అడుగు గిన్నెని తిరగేసి మధ్యలోనూ, అంచుల్లోనూ పెట్టి చూడండి. గట్టిగా పట్టుకుంటే సరే. మధ్యలో మాత్రమే పట్టుకుని అంచుల్లో జారిపోతే, ఆ బిళ్ల చిన్నదన్నమాట. అలాంటిది మీ స్టవ్ మీద నీళ్లు మరిగించడానికే బోలెడు సేపు తీసుకుంటుంది. పై రెండు గిన్నెలకు ఈ పరీక్ష అక్కర్లేదు, వాటికి స్టవ్‌తో పని లేదు కదా.

సైజు దగ్గర అందరూ పెద్దదానికే మొగ్గుతారు. నా సలహా మాత్రం నాలుగైదు కిలోల పళ్లు పట్టేది చాలనే. రసం బాగా ఉండే పళ్లయితే నాలుగు కిలోలకు రెండున్నర నుంచి మూడు లీటర్ల దాకా దిగుతుంది. గంటో గంటన్నరో పట్టే ఒక వాయికి అది తక్కువేం కాదు, రోజుకి మూడు వాయిలు తీయొచ్చు. అంతకంటే పెద్దది కొన్నారనుకోండి, పళ్లు, నీళ్లు, గిన్నెలు కలిపి పన్నెండు పదిహేను కిలోలు స్టవ్ మీద పెట్టాలి. గాజు పలక స్టవ్‌లకు ఎంత బరువు ఆగుతుందో దానితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది, చూసుకోండి. ఎత్తు కూడా మరిచిపోవద్దు. మూడు గిన్నెలూ పేర్చాక, మూత తీయడానికి పైన చోటుండాలి. స్టవ్ మీద చిమ్నీ తక్కువ ఎత్తులో ఉన్న ఇళ్లలో మూత ఏటవాలుగా లాగాల్సి వచ్చి, ఆవిరంతా మణికట్టు మీద కొడుతుంది.

బుట్ట సైజు అందరూ చూస్తారు, అడుగు గిన్నె సైజు ఎవరూ చూడరు. నేనూ చూడలేదు. నా మొదటి జ్యూసర్ అడుగు గిన్నెలో రెండు లీటర్లకు మించి నీళ్లు పట్టేవి కావు. మంట పెద్దది పెట్టి యాపిల్ ముక్కలు వేసి, ఫోన్ మాట్లాడుతూ కూర్చున్నాను. నీటికి కిలోవాటున్నర వేడి అందుతుంటే గంటకి రెండు లీటర్లకు పైనే ఆవిరైపోతుందన్న లెక్క నాకప్పుడు తెలియదు. వాసన తగిలి వెళ్లేసరికి అడుగు నల్లబడి, బయటికి పొంగి, స్టవ్ మీద పెడితే బొంగరంలా తిరిగే స్థితికి వచ్చింది. పైన యాపిల్ మాత్రం సగం ఉడికి, ఏ పాపం తెలియనట్టు కూర్చుంది. ఆ తర్వాత కొన్నదాంట్లో నాలుగు లీటర్లు పడతాయి. మీరూ మూడు లీటర్లకు తక్కువైనది తీసుకోకండి. నీళ్లు మరగడం మొదలవగానే మంట తగ్గించేయండి, ఆవిరి ఆగకుండా వస్తే చాలు. అడుగున నాలుగు గోలీలు వేసి ఉంచితే నీళ్లు తగ్గేకొద్దీ చప్పుడు మారుతుంది, పక్కగదిలో ఉన్నా వినిపిస్తుంది. నీళ్లు పోయాల్సి వస్తే మరిగిన నీళ్లే పోయండి. చన్నీళ్లు పోస్తే ఆవిరి ఆగిపోయి పని మళ్లీ మొదటికొస్తుంది.

మధ్య గిన్నెలో ఒక కొలత చూడాలి: నడుమ గొట్టం ఎంత ఎత్తుందో. రసం ఆ గొట్టం అంచు దాటిందంటే లోపలికి పొర్లి అడుగు నీళ్లలో కలిసిపోతుంది. రసం ఏమైందో తెలియక వెతుక్కుంటుంటే, అడుగున చక్కెర మాడుతున్న వాసన వస్తుంది. గొట్టం అంచుకి రెండు వేళ్లు కిందివరకు కొలిస్తే మూడు లీటర్లయినా పట్టాలి. పైపు సిలికాన్‌ది అయితే మేలు. రబ్బరుది కొన్నాళ్లకు గట్టిపడి ముక్కు దగ్గర పగుళ్లిస్తుంది. క్లిప్పు ఒంటి చేత్తో నొక్కగలిగేదై ఉండాలి, రెండో చేతిలో సీసా ఉంటుంది కనుక. గిన్నెకి ముక్కు అతికిన చోట వేలితో లోపలా బయటా తడిమి చూడండి. అక్కడ గరుకుగా ఉంటే కడిగినా పోని గుజ్జు ఇరుక్కుని బూజు పడుతుంది. పైపు లోపలికి దూరే సన్నటి బ్రష్షు జ్యూసర్‌తోపాటే కొనేయండి. ఇంకో చిన్న సంగతి. రసం కిందికే పారుతుంది కాబట్టి సీసా ముక్కుకంటే దిగువన ఉండాలి. గట్టు మీద స్టవ్, పక్కనే ఎత్తు స్టూలు మీద సీసా, సీసా కింద తడిగుడ్డ: నా ఏర్పాటు ఇది.

లోహం, సైజు తేలాయి. ఇప్పుడు వైన్.

మిమ్మల్ని భయపెట్టినవాళ్లు పూర్తిగా అబద్ధం చెప్పలేదు. స్ట్రాబెర్రీ, పీచ్ లాంటి సున్నితమైన వాసనున్న పళ్లు ఆవిరి తగిలితే జామ్ వాసనలోకి దిగిపోతాయి. వాటికి ఆవిరి వద్దు. ఒకరాత్రి ఫ్రీజర్‌లో పెట్టి తీసి కరగనిస్తే, లోపల కట్టిన మంచు ముక్కలే కణాలను చీల్చేస్తాయి, రసం సులువుగా దిగుతుంది. నల్లద్రాక్ష సంగతి వేరు. ఎర్ర వైన్‌కి రంగుతోపాటు ఒగరు కూడా కావాలి. ఆ ఒగరు తొక్కతో, గింజతో కలిసి రోజుల తరబడి పులిసినప్పుడు దిగుతుంది. ఆవిరి రంగును బాగా లాగుతుంది. పెద్ద వైనరీల్లో కూడా రంగు కోసం ద్రాక్షను 60–70 డిగ్రీల దాకా వేడిచేసే పద్ధతి ఒకటుంది. కానీ జ్యూసర్ రసంలో ఒగరు పలచన, వైన్ కూడా అలాగే పలచగా తయారవుతుంది. అందుకే మీ ద్రాక్షను కాడలు తీసి, చిదిపి, తొక్కలతో సహా వెడల్పాటి పాత్రలో వారం రోజులు పులియబెట్టండి. రోజుకి రెండుసార్లు పైకి తేలిన తొక్కలను కిందికి నొక్కండి. ఆ తర్వాత పిండితే తొక్కలు అప్పటికే మెత్తబడి ఉంటాయి, మీ చేతులకు ఇప్పుడున్నంత కష్టం ఉండదు. ప్లమ్‌కి, నల్లటి బెర్రీలకి మాత్రం జ్యూసర్ భేషైనది. ప్లమ్‌ని పిండడం ఎంత జిగురు పనో మీకు చెప్పక్కర్లేదు. ఆవిరి మీద అదే ప్లమ్ గంటలో మాణిక్యం రంగు రసాన్ని గుడ్డ మురికి కాకుండా ఇచ్చేస్తుంది. యాపిల్ మధ్యస్తం. తాగడానికి బావుంటుంది, వైన్ చేస్తే కొంచెం కాల్చిన యాపిల్ రుచి వస్తుంది. నాకది ఇష్టమే, మా ఇంట్లో మిగతావాళ్లకు కాదు.

వేడి తెచ్చే తంటాల్లో మొదటిది పెక్టిన్. పండుని గట్టిగా నిలబెట్టే జిగురు పదార్థమే ఇది, జెల్లీ గడ్డకట్టేది దీనివల్లే. ఆవిరికి అది రసంలోకి దండిగా దిగుతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైములు పండులో సహజంగా ఉన్నా, ఆ వేడికే చచ్చిపోతాయి. అందుకే ఈ రసంతో జెల్లీ చేస్తే అద్దంలా వస్తుంది, వైన్ చేస్తే ఎన్నాళ్లుంచినా పొగమంచు పట్టినట్టు ఉంటుంది. విరుగుడు, విడిగా దొరికే పెక్టిక్ ఎంజైమ్. అదీ వేడికి ఓర్చుకోదు. కాబట్టి రసం గోరువెచ్చని స్థాయికి చల్లారాక వేసి, మూతపెట్టి ఒక రాత్రంతా వదిలేయండి. ఈస్టు మర్నాడు. ముందు ఈస్టు వేసి, వైన్ మసకగా ఉందని తర్వాత ఎంజైమ్ వేసేవాళ్లున్నారు. ఆల్కహాల్ తయారయ్యాక అది అంత చురుగ్గా పనిచేయదు.

రెండోది నీళ్లు. ఇక్కడ లెక్క చూడండి. కిలో పళ్లు గది వేడి నుంచి మరిగే వేడి దాకా రావాలంటే, నూరు గ్రాములకు పైచిలుకు ఆవిరి వాటి మీద నీరుగా మారాలి. ఆ నీరెక్కడికి పోతుంది? రసంలోకే. నాలుగు కిలోల వాయికి దాదాపు అర లీటరు. మూతకి పట్టి కారే చుక్కలు దీనికి అదనం. కాబట్టి వైన్ తయారీలో "ఇన్ని పళ్లకు ఇన్ని నీళ్లు" అని ఎక్కడ చదివినా, జ్యూసర్ రసానికి ఆ నీళ్లు కలపకండి. మొదట దిగే రసం చిక్కగా, చివర్లో దిగేది వెలిసినట్టు ఉంటుంది. మొత్తం ఒకే స్టీలు గిన్నెలోకి పట్టి, కలిపి, చల్లార్చి, అప్పుడు హైడ్రోమీటర్ వేయండి. రసంలో తేలుతూ, నీళ్లకంటే అదెంత చిక్కగా ఉందో చూపించి, దాన్నిబట్టి తీపి చెప్పే గాజు గొట్టం ఇది. ఈ పరికరాల మీద కొలత సాధారణంగా 20 డిగ్రీలకు రాసినది. వేడి రసంలో వేస్తే ఉన్న తీపికంటే తక్కువ చూపిస్తుంది, మీరు చక్కెర ఎక్కువ పోసేస్తారు. ఉదాహరణకి చల్లారిన రసం 1.050 చూపించిందనుకోండి. 11–12 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ కావాలంటే 1.085 దాకా తీసుకెళ్లాలి. అంటే లీటరుకి 90–100 గ్రాముల చక్కెర. ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా వేసి, కరిగాక మళ్లీ కొలవండి. జ్యూసర్‌లో పళ్ల మీదే చక్కెర చల్లే పద్ధతి ఒకటుంది, రసం త్వరగా దిగుతుంది. తాగే రసానికైతే సరే, వైన్‌కి మాత్రం వద్దు. చక్కెర ఎంత దిగిందో తెలియకుండా పోతుంది.

ఈస్టు సంగతి ఇందాకే చెప్పాను, పండుమీది ఈస్టు చచ్చిపోయింది కాబట్టి ప్యాకెట్ వైన్ ఈస్టు తప్పనిసరి. రసం 25 డిగ్రీల లోపుకి చల్లారాక వేయండి. వేసేముందు ఒక పని చేయాలి. వేడిచేసిన రసంలో గాలి కరిగి ఉండదు, మొదట్లో పెరగడానికి ఈస్టుకి అది కావాలి. శుభ్రమైన గిన్నెలోంచి గిన్నెలోకి ఎత్తునుంచి రెండు మూడుసార్లు తిరగబోయండి. వేడి రసాన్ని తిన్నగా గాజు జాడీలో మాత్రం పోయొద్దు, జాడీ ఫట్‌మంటుంది. పులుస్తున్న రసం ఉన్న జాడీకి గట్టిమూత బిగించవద్దు, ఎయిర్‌లాక్ (లోపలి గ్యాసును వదిలి, బయటి గాలిని రానివ్వని బిరడా) పెట్టండి. అంతకంటే ముందు, మీరున్న చోట ఇంట్లో వైన్ చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందో లేదో కనుక్కోండి. ఇది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

తాగే రసం సీసాల దగ్గర జనం చేసే పొరపాటు ఒకటే. పైపులోంచి వేడివేడిగా సీసాలోకి పట్టి మూత బిగిస్తే సరిపోతుందనుకుంటారు. మూత లోపలికి లాక్కుని 'టక్' మంటే సీలు పడిందని సంబరం. నిజానికి రసం మధ్య గిన్నెలో నిలిచి, పైపులో పారి, సీసాకి వచ్చేసరికి ఎంతో కొంత వేడి తగ్గుతుంది. మూత లోపలి భాగానికైతే ఆ వేడి సరిగ్గా తగలనే తగలదు. బూజు విత్తనం ఒక్కటి మిగిలినా చాలు. కాబట్టి రసాన్ని ఒకసారి మళ్లీ మరిగే దశకి తెచ్చి, వేడిగా ఉన్న శుభ్రమైన సీసాల్లో పైన వేలి మందంలో సగం ఖాళీ వదిలి నింపి, మూత బిగించి, మునిగేటన్ని మరుగుతున్న నీళ్లలో ఉంచండి. యాపిల్, ద్రాక్ష రసాలకు లీటరు వరకు సీసాలైతే 5 నిమిషాలు, రెండు లీటర్లవైతే 10. సముద్రమట్టానికి 300 మీటర్లకు పైన ఉన్న ఊళ్లలో ఇంకొంచెం సేపు ఉంచాలి, ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. సీసాలు ఇలా వేడి చేయడానికని తయారుచేసినవై ఉండాలి. ఏదో సాస్ సీసా కడిగి వాడితే నీళ్లలోనే అడుగు ఊడొస్తుంది.

ద్రాక్షరసానికి ఇంకో మెలిక ఉంది. ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులు కదపకుండా ఉంచితే అడుగున ఇసుకలాంటి పలుకులు దిగుతాయి. అది గాజు కాదు, ద్రాక్షలో సహజంగా ఉండే టార్టార్ ఉప్పు. పైన తేటని మాత్రం వంచుకుని సీసాలకు పట్టండి. లేకపోతే ఆ పలుకులు సీసాలోనే దిగి, తాగేవాళ్లు పంటికింద తగిలి బెదిరిపోతారు.

రసం పాడవకుండా కాపాడేది చక్కెర కాదు, పులుపు. పులుపుని కొలిచే పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కంటే తక్కువ ఉంటే, బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషాన్ని తయారుచేసే సూక్ష్మజీవి మొలకెత్తలేదు. మీ ద్రాక్ష, ప్లమ్, యాపిల్ మూడూ ఆ గీతకి కిందే ఉంటాయి, భయం లేదు. జ్యూసర్ కొన్న సరదాలో రేపు బొప్పాయి, పుచ్చకాయ, అంజీర, అరటి కూడా వేద్దామనిపిస్తుంది. వాటి పులుపు చాలదు. వాటి రసం తీసి అప్పటికప్పుడు తాగండి, లేదా ఫ్రీజర్‌లో పెట్టండి. ఇందాకటి అయిదు నిమిషాల లెక్క వాటికి వర్తించదు. టమాటా ఆ గీత మీదే ఊగుతుంటుంది. దానికి లీటరుకి రెండు పెద్ద చెంచాల సీసా నిమ్మరసం కలపడం ఆనవాయితీ. సీసా నిమ్మరసమే ఎందుకంటే, దాని పులుపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, చెట్టు కాయకి ఆ నమ్మకం లేదు. టమాటాకి మరగబెట్టే సమయం కూడా వేరు, ఇంకా ఎక్కువ.

బుట్టలో మిగిలిన గుజ్జుని పారేయకండి. యాపిల్‌ని వేసేముందే గింజలు, నడిమి భాగం తీసేసి ఉంటే, ఆ గుజ్జుని జల్లెడపట్టి చక్కెరతో దగ్గరికి ఉడికించుకోవచ్చు. రుచి సగం రసంతో వెళ్లిపోయి ఉంటుంది కాబట్టి కాస్త రసం తిరిగి కలిపితేనే బావుంటుంది. ప్లమ్ గుజ్జు ఇంకా నయం. టెంకలు వేలితో నొక్కితే జారిపోతాయి.

చివరికి పిన్నిగారి జ్యూసర్. అది అల్యూమినియం అన్నారు కనుక మీ ఇండక్షన్ మీద వేడెక్కనే వేడెక్కదు. అడుగున అయస్కాంతం అంటుకునే బిళ్ల ఉన్న పాతకాలపు అల్యూమినియం జ్యూసర్ నేనింతవరకు చూడలేదు. అయినా ఆవిడ మనసు కష్టపెట్టడం దేనికి? చిల్లుల బుట్ట ఒక్కటీ అడిగి తెచ్చుకోండి. అన్ని ద్రాక్ష గుత్తులు ఒకేసారి కడిగి నీళ్లోడ్చడానికి అంత వీలైన గిన్నె ఇంకోటి దొరకదు.